తోటలో నేల ఆర్కిడ్డు పెంపకము
(మౌలాలి ప్రాంతపు రైతులకై ఉపన్యాసము)

మౌలాలి గుట్టను చుట్టియున్న నేల రాతిబండల సందులందలి ఎఱ్ఱచల్క. అందు పెక్కు భాగము నేడు పట్టణమున గలిసిపోయినది. మిగిలిన తోటలలో జొన్న సైతము పండని మొరపు మూల యొకటి యుండనే యుండును. అట్టి మూలకు దగినది యూలోఫియా యను నేల ఆర్కిడ్డు. చెట్టుకొమ్మల నంటుకొని పెరుగు ఆర్కిడ్డులవలె గాక, ఇది నేలలో వేళ్లు పాఱించి, తన పచ్చని గడ్డను సగము పైకి నిలుపుకొనును. దక్కను పొదల యడవులు దీని స్వస్థానము. దీనివలన రాబడి గలుగునని మాత్రము తలపరాదు.

ఈ మొక్క తోటలలో చచ్చుట కఱవువలన గాదు, యజమాని దయవలన. ఆకులు పండి రాలిన పిమ్మట గడ్డ నిద్రించును. అప్పుడు నీరు పెట్టినచో కుళ్లును. ఎండకాలమున ఆకు లేకయే పూకాడ వెడలును. మొక్క చచ్చెనని పెఱికి పాఱవేయువారు ఈ పూవు నెన్నడును చూడరు.

రోహిణి కార్తెలో అడుగు ఎత్తు మడి కట్టి, చల్కమన్ను రెండు పాళ్లు, ముతక ఇసుక యొక పాలు, బాగుగ మురిగిన ఆకుయెరువు ఒక పాలు కలుపవలెను. పచ్చిపేడ తగదు. గడ్డలు రెండు మూడు కలిసియుండునట్లు కోసి, కోతకు బొగ్గుపొడి యద్ది, మూడు దినములు నీడను ఆరబెట్టి, సగము పైకి కనబడునట్లు జానెడు ఎడముగా నాటవలెను. వానలు తప్పినచో వారమున కొకసారి తడి చాలును.

విత్తి పెంచుట రైతుకు సాధ్యము కాదు. విత్తనము ధూళివంటిది, అందు ఆహారపు నిలువ లేదు. నేలలోని యొక జాతి శిలీంధ్రము పోషించిననే యది మొలచును. ఈ రహస్యమును 1899లో ఫ్రాన్సు దేశీయుడగు నోయెల్ బెర్నార్డు కనుగొనెను. శిలీంధ్రము దొరకిన చోట మాత్రము దీని కడ్డులేదు. గ్రామినియా యను రకము అమెరికాలోని ఫ్లోరిడాలో, కలపపొట్టు పఱచిన మళ్లలో, తనంతట మొలచి వ్యాపించుచున్నట్లు 2007లో కనబడెను.

గడ్డలకై అడవికి బోరాదు. సాలబ్ మిశ్రీ పేర అమ్మబడునది ఆర్కిడ్డు గడ్డయే. త్రవ్విన ప్రతి గడ్డతో నొక మొక్క పోవుచున్నది. పొరుగుతోటవారిని పాయ అడుగవచ్చును. పట్టాభూమిలో బండ కొట్టించుటకో, ఇల్లు కట్టుటకో నేల చదును చేయింపదలచిన రైతు, పని మొదలుపెట్టకముందే, ఎండకాలమున పూకాడలనుబట్టి గడ్డలను గుర్తించి, తీసి తన తోటలో నాటుకొనవలెను.