డ్యూటీ ఎక్కిన మాటలు

భద్రిరాజు కృష్ణమూర్తి స్మృతిలో ఇచ్చే ఉపన్యాసానికి పనిమాటలకు మించిన విషయం దొరకదు. ఒంగోలులో పుట్టిన ఆ భాషాశాస్త్రవేత్త ద్రావిడ భాషల మీద చేసిన కృషిని ప్రపంచమంతా చదివింది. తెలుగువాళ్లకు మాత్రం ఆయన చేసిన మరో పని ఇంకా దగ్గరది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయానిది. మేడిని, నొగను, కాడిని, కర్రును ఏ జిల్లాలో ఏమంటారో రైతుల నోటి నుంచే రాబట్టి కూర్చిన పుస్తకం అది. 1971లో చేనేత మాటలకూ అలాంటి సంపుటమే వచ్చింది. పండితుడు బల్ల ముందు కూర్చుని తయారుచేసిన మాటకు వాటిలో చోటు లేదు. పొలంలోనో మగ్గం దగ్గరో వాడుకలో ఉంటేనే చేరింది.

అదే పద్ధతిలో ఇవాళ ఎవరైనా నోటుపుస్తకం పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే చేతికి వచ్చే జాబితాలో చాలా మాటలు ఇంగ్లీషువే ఉంటాయి. అయితే లండన్‌వాడికి చదివి వినిపిస్తే సగం అర్థం కావు. ఆ మాటలు చెప్పిన కుర్రవాణ్ణి 'ఇంగ్లీషు వచ్చా?' అని అడిగితే సిగ్గుపడి 'రాదండీ' అంటాడు. వందల ఇంగ్లీషు మాటలతో రోజంతా పనిచేసే మనిషి తనకు ఇంగ్లీషు రాదని నమ్ముతున్నాడు. ఈ చిక్కుముడి ఎక్కడ పడిందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆ మాటల రాక బందరు రేవులో మొదలైంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టింది. దాన్ని ఫ్యాక్టరీ అనేవారు. అందులో యంత్రాలేమీ లేవు, బట్టల మూటలు, లెక్కల పుస్తకాలు, వాటి మధ్య కూర్చున్న కంపెనీ నౌకర్లు మాత్రమే. సరుకు తెచ్చేవాడికీ కొనే దొరకూ నడుమ నిలబడ్డవాడు దుబాసీ. అప్పటికే కచేరీ భాష పారసీతో నిండి ఉంది: తహసీలు, జమాబందీ, గుమాస్తా, దస్తావేజు. పోర్చుగీసువాళ్ల నుంచి మేస్త్రీ వచ్చాడు. వీటన్నిటి మీదా ఇంగ్లీషు పేరుకుంది. బందరు కోర్టులో పనిచేసిన సి.పి. బ్రౌను ఈ కలగలుపును చూసి ముక్కు చిట్లించలేదు. దానికంటూ మిశ్రభాషా నిఘంటువే కూర్చి 1854లో అచ్చువేయించాడు. 'ప్లీడరు గుమాస్తా' అనే మాటలో ఇంగ్లీషు ముందు నడుస్తుంది, పారసీ ఫైళ్లు మోస్తూ వెనక వస్తుంది. ఇద్దరికీ ఫీజు ఇచ్చుకునేది తెలుగు కక్షిదారు.

డెల్టాలో ఇంగ్లీషును ఊరూరికీ తెచ్చింది మాత్రం బడి కాదు, కాలువ. 1852లో మొదలై 1855కల్లా కృష్ణ మీద ఆనకట్ట లేచింది. దాంతోపాటు లాకులు, షట్టర్లు, ఓవర్సీర్లు, లస్కర్లు వచ్చారు. విజయవాడ మధ్యగా పారే రైవస్, ఏలూరు, బందరు కాలువల గట్ల మీద పెరిగినవాళ్లకు 'లాకులు' ఇంగ్లీషు మాటని తోచదు. నాగాయలంక వైపు రైతును కదిపితే 'మాది టెయిలెండండీ' అంటాడు. కాలువ చివరనున్నామనీ, పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే తమకు నీళ్లనీ, ప్రతి ఏడూ ఇదే గొడవనీ ఆ ఒక్క మాటలోనే వచ్చేస్తుంది. 1952 వరదలో ఆ పాత కట్ట దెబ్బతింది. 1957కి దాని స్థానంలో 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 2024 సెప్టెంబరు వరదలో ఆ గేట్ల గుండా మునుపెన్నడూ లేనంతగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోటెత్తినప్పుడు, కొట్టుకొచ్చిన పడవలు తగిలి కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ వారం బెజవాడ టీకొట్ల దగ్గర కౌంటర్‌వెయిట్ అంటే ఏమిటో, అది గేటును ఎలా లేపుతుందో వేళ్లతో చూపిస్తూ చెప్పుకున్నారు. ఆ పాఠం ఏ పుస్తకంలోనూ చదివింది కాదు.

రైలు సంగతి వేరు. అక్కడ మాటలు పైనుంచి వస్తాయి, మారుస్తుంటారు కూడా. 2016 బడ్జెట్లో కూలీలను ఇకపై సహాయక్ అంటామని రైల్వేమంత్రి ప్రకటించాడు. 2022 జనవరిలో గార్డు ట్రైన్ మేనేజర్ అయ్యాడు. గ్యాంగ్‌మన్ ట్రాక్‌మన్ అయి, ఆ తర్వాత ట్రాక్ మెయింటెయినర్ అయ్యాడు. విజయవాడ ప్లాట్‌ఫారం మీద సామాను పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ మాత్రం ఇప్పటికీ కూలీనే కేకేస్తుంది. ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రజారవాణా శాఖ ఉద్యోగులయ్యారు. 'మావాడు ప్రజారవాణాలో కండక్టరు' అని చెప్పుకున్న తల్లి ఇంకా తారసపడలేదు. ఆర్టీసీ ఆర్టీసీయే.

రెవెన్యూ ఆఫీసులో తమాషా ఇంకా ఎక్కువ. 1985లో మండలాలు వచ్చినప్పుడు తహసీల్దారు పోయి మండల రెవెన్యూ ఆఫీసరు వచ్చాడు. జనం దాన్ని ఎమ్మార్వో చేసుకున్నారు. కొన్నేళ్లకు ప్రభుత్వమే పాత పేరు పునరుద్ధరించి తహసీల్దారు అని బోర్డు రాయించింది. బోర్డు కిందే నిలబడి జనం ఎమ్మార్వో ఆఫీసు ఇదేనా అని అడుగుతున్నారు. నిజాం నవాబుల కాలం నుంచి వాడిన పారసీ మాటను కొన్నేళ్ల ఇంగ్లీషు పొట్టిపేరు పక్కకు నెట్టేసింది. జనానికి కావలసింది మాట మూలం కాదు, సర్టిఫికెట్ ఇచ్చే మనిషిని ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడన్నది.

ఇక ఆటోనగర్. 1960ల్లో మెకానిక్ షెడ్లన్నిటినీ ఒకచోటికి చేర్చాలని ఊరి చివర కట్టిన ఈ పేట ఇప్పుడు ఊరి మధ్యకు వచ్చేసింది. ఛాసిస్‌గా లోపలికి వెళ్లిన లారీ క్యాబిన్, బాడీ, పెయింటింగ్, నంబరు ప్లేటు పూర్తిచేసుకుని బయటికి వస్తుంది. ఇక్కడ వర్క్‌షాపు అనరు, షెడ్డు అంటారు. 'బండి షెడ్డుకెక్కింది' అంటే యజమాని ముఖం చూడక్కర్లేదు. ముందుభాగం నొక్కుకుపోయిన లారీ వస్తే మొదట టింకరింగ్ షెడ్డుకు పంపుతారు. ఇంగ్లీషువాడికి టింకరింగ్ అంటే ఊరికే కెలకడం. ఇక్కడ వంగిన రేకును నిప్పుల మీద కాచి, సుత్తితో కొట్టి, వేలితో తడిమి పాత ఆకారానికి తెచ్చే నైపుణ్యం. మంచి టింకరింగ్ మేస్త్రి రేకు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని ఎక్కడ ఎత్తుందో చెబుతాడు.

లారీ కింద వెల్లకిలా పడుకున్న మేస్త్రి చెయ్యి ఒక్కటే బయటికి చాపి 'పద్నాలుగు పదిహేను' అంటాడు. పన్నెండేళ్ల సర్వీసున్న హెల్పరు తల తిప్పకుండానే ఆ పానా చేతిలో పెడతాడు. చేరి వారమైన కుర్రాడైతే రింగు పానా ఇచ్చి తిట్లు తింటాడు. 'ప్లే ఉందిరా, బేరింగు పోయింది', 'టైటు చెయ్యకు, త్రెడ్డు తెగుద్ది', 'గేజు పెట్టి చూడు'. ఇలా రోజూ చెవిన పడి, తప్పుచేసి తిట్లు తిని నేర్చిన మాటకు అర్థం వెతుక్కోనక్కర్లేదు. త్రెడ్డు తెగితే ఏమవుతుందో వాడి చేతికే తెలుసు.

లారీతో వెళ్లే క్లీనరుకు కడగడం ఒక్కటే పని కాదు. రివర్సులో వెనక నిలబడి కేకలెయ్యాలి, టైరు విప్పాలి, రాత్రి సరుకు కాయాలి, డ్రైవరు కునుకు తీయకుండా కబుర్లు చెప్పాలి. ఆ లెక్కన కొన్నేళ్లకు తనే స్టీరింగు పడతాడు. జీతం కాక ట్రిప్పుకింత అని ఇచ్చేది బేటా. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను ఆ పేరుతో పిలిచే డ్రైవరు జిల్లా మొత్తమ్మీద ఉండడు. ఆయన బ్రేకిన్‌స్పెక్టరు. హోటల్లో వడ్డించేవాడు సప్లయరు, ఇంటికి కట్టించుకునే టిఫిన్ పార్సిలు. ఇవన్నీ బెజవాడలో తయారైన ఇంగ్లీషు సరుకు. వీటిని తప్పులని దిద్దబోయే స్పోకెన్ ఇంగ్లీషు మాస్టార్లు ఒక్కసారి ఆలోచించుకుంటే బాగుండు. షెడ్డులో 'మెకానిక్స్ అసిస్టెంట్' అని పిలిస్తే ఎవడూ పలకడు.

ఇంగ్లీషు మాట డబ్బుతో ముడిపడ్డ చోట రైతు దాన్ని ప్రొఫెసరు కన్నా గట్టిగా పట్టుకుంటాడు. కైకలూరు, ముదినేపల్లి చెరువుల మీద దీనికి మంచి సాక్ష్యం ఉంది. 2009లో వనామి రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక ఆ చెరువుల భాష మారిపోయింది. సీడు, ఫీడు, ఏరేటరు, పీహెచ్, డీవో. అన్నిటికన్నా ముఖ్యం కౌంటు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. 100 కౌంటంటే కిలోకు వంద, చిన్నవి. 30 కౌంటంటే కిలోకు ముప్ఫయ్యే, పెద్దవి, ధర ఎక్కువ. సంఖ్య తగ్గేకొద్దీ డబ్బు పెరుగుతుంది. కొత్తవాళ్లను తికమక పెట్టే ఈ తలకిందుల లెక్కను మూడో తరగతి దాటని రైతు చెరువుగట్టు మీద నిలబడి నోటితో వేస్తాడు. కొనుగోలుదారు కౌంటులో రెండు అంకెలు ఎక్కువ చెప్పాడంటే తూకం దగ్గరే పట్టుకుంటాడు.

ఇంతవరకూ చెప్పినవన్నీ చెవితో నేర్చిన మాటలు. కాగితం మీద వచ్చే మాటల దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది.

1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య బందరులో ఆంధ్రాబ్యాంకు పెట్టారు. ఆ రోజుల్లో బ్యాంకు శాఖ నడిపే అధికారిని ఏజెంటు అనేవారు. బ్యాంకు ఏజెంటుగారంటే ఊళ్లో డాక్టరుగారంతటి మర్యాద. తర్వాత ఆయన మేనేజరయ్యాడు, ఏజెంటు అనే మాట ఇన్సూరెన్సు వాళ్లకు మిగిలింది. అప్పటి ఉద్యోగానికి మాటలు తక్కువ: టెంపరరీ, పర్మనెంటు, పెన్షను. ఇప్పుడు పర్మనెంటుకు ఈవలి ఒడ్డున ఎన్ని మెట్లున్నాయో ప్రభుత్వ ఆఫీసుల్లో చూడవచ్చు. ఎన్‌ఎంఆర్, డైలీవేజి, అవుట్‌సోర్సింగ్, కాంట్రాక్టు, మినిమం టైమ్‌స్కేలు, చివరికి రెగ్యులర్. ఒకే గదిలో పక్కపక్క కుర్చీల్లో ఒకే పనిచేసే ముగ్గురి జీతాల్లో భూమ్యాకాశాల తేడా ఉండవచ్చు. అవుట్‌సోర్సింగ్ వాళ్ల కోసం రాష్ట్రప్రభుత్వం 2020లో ఆప్కాస్ అనే సంస్థను పెట్టింది. దాంతో 'ఆప్కాస్ ఉద్యోగి' అనే కొత్త జాతి కూడా పుట్టింది. పెళ్లి సంబంధానికి వచ్చిన పెద్దాయన ఈ మెట్లన్నీ ఎరిగినవాడే. కాఫీ కప్పు కింద పెట్టి, 'ఇంతకీ అబ్బాయిది రెగ్యులరేనా?' అంటాడు.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలకు అప్పుడు పెట్టిన పేరు సంస్కృతం. లోపల కుర్చీలు చాలావరకు ఇంగ్లీషువి: డిజిటల్ అసిస్టెంట్, ఇంజినీరింగ్ అసిస్టెంట్, ఎనర్జీ అసిస్టెంట్, వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్. చివరిపేరు పలకలేక ఊరివాళ్లు 'వెల్ఫేరు మేడం' అని తేల్చేశారు. కరణంగారిని 1984లో తీసేసినప్పుడు ఆయన పనంతా ఇంతమంది అసిస్టెంట్ల మధ్య పంచవలసి వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు.

గన్నవరం దగ్గరి ఐటీ క్యాంపసులోనో హైదరాబాదులోనో ఉద్యోగం వచ్చిన ఇంజినీరు కుర్రాడి చేతిలో ఉండే ఆఫర్ లెటరు ఈ వరసలో చివరిది. ఇంటర్వ్యూకు ముందు నెలలపాటు సెల్ఫ్ ఇంట్రడక్షను బట్టీపట్టించారు. స్ట్రెంత్స్ ఏమిటి, వీక్‌నెసెస్ ఏమిటి, అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావు. సీటీసీ అంటే కంపెనీకి తన మీద ఏడాదికయ్యే మొత్తం ఖర్చని మాత్రం ఎవరూ చెప్పలేదు. లెటర్లో 3,60,000 అని ఉంటుంది. ఇంట్లో దాన్ని పన్నెండుతో భాగించి నెలకు 30,000 అనుకుంటారు, ఆ లెక్కన బండి కూడా బుక్‌చేస్తారు. బేసిక్ 15,000 అనుకుందాం. అందులో 12 శాతం, అంటే 1,800, కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, అది సీటీసీలోనిదే. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది 700 పైచిలుకు, అదీ సీటీసీలోనిదే, మామూలుగా అయిదేళ్లు పనిచేస్తే గానీ చేతికి రాదు. కుర్రాడి వాటా పీఎఫ్ మరో 1,800. వృత్తిపన్ను 200. అకౌంట్లో పడేది 25,000 చిల్లర. ఎవరూ మోసం చేయలేదు. అన్నీ కాగితం మీద ఉన్నాయి, ఇంగ్లీషులో.

ఆ కాగితం రెండో పేజీలో నోటీసు పీరియడ్ 90 రోజులని ఉంటుంది. వేరేచోట మంచి ఉద్యోగం దొరికి, వాళ్లు 30 రోజుల్లో రమ్మన్నప్పుడు గానీ ఆ అంకె బరువు తెలీదు. బాండు, ప్రొబేషను, వేరియబుల్ పే, రిలీవింగ్ లెటరు, ఎఫ్ అండ్ ఎఫ్ సెటిల్‌మెంటు. ఈ మాటల ఖరీదు ఒక్కోసారి రెండు మూడు నెలల జీతం. షెడ్డులో 'త్రెడ్డు తెగుద్ది' అని అరిచే మేస్త్రి ఇక్కడ లేడు. హెచ్‌ఆర్ మేడం మెయిల్ పెడుతుంది, 'కైండ్లీ రీడ్ అండ్ యాక్సెప్ట్' అని. ఇంటిల్లిపాదీ చూస్తుండగా వాడు యాక్సెప్ట్ నొక్కుతాడు. కైకలూరు రైతు కౌంటును చూసినట్టు సీటీసీని చూడడం వాడికి నేర్పినవాళ్లు లేరు.

విజయవాడ బెంజిసర్కిల్ చుట్టూ, మొగల్రాజపురం వీధుల్లో ఉద్యోగానికి ఇంగ్లీషు నేర్పుతామన్న బోర్డులకు లోటులేదు. వాటిలో చెప్పే మాటల పట్టికల్లో ప్లంబర్, కార్పెంటర్, ఎలక్ట్రీషియన్ ఉంటాయి. అవి పిల్లలకు ముందే తెలుసు. జీతపు చీటీని వరస తరువాత వరసగా తెలుగులో విప్పిచెప్పే క్లాసు ఒక్కటి పెడితే, దానికి ఫీజు కట్టడానికి తల్లిదండ్రులు వెనకాడరు. వృత్తిపదకోశం తీరులోనే పని జరగాలి. పేస్లిప్పు, ఆఫర్ లెటరు, పీఎఫ్ పాసుబుక్కు, కాంట్రాక్టు కాగితం ముందు పెట్టుకుని, అందులో ప్రతి మాటా పనిచేసే మనిషికి ఏం ఇస్తుందో, ఏం తీసుకుంటుందో రాయాలి. కొత్త తెలుగు మాటలు పుట్టించే బరువు ఈ పుస్తకం మీద పెట్టకపోవడమే మేలు. పీఎఫ్‌ను పీఎఫ్ అనే రాసి, కింద లెక్క చూపిస్తే చాలు. తెలుగు అకాడమీకి గానీ విశ్వవిద్యాలయ శాఖలకు గానీ ఇది మించిన పనికాదు.

ఇప్పుడే ఎందుకంటే ఓ కారణముంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం కార్మికులకు నియామక పత్రం ఇవ్వాలి. నోటిమాట మీద, మేస్త్రి పిలుపు మీద పనిలో చేరడమే అలవాటైన షెడ్లకూ, గోడౌన్లకూ, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకూ అపాయింట్‌మెంట్ లెటరు అనే కాగితం కొత్తగా వస్తుంది. ప్లాంట్లలో తలలు తీసి, తోలు వలిచే ఆడవాళ్లలో చాలామందికి ఉద్యోగం పేరుతో చేతికందే మొదటి కాగితం అదే అవుతుంది. అందులో వేజెస్, డెజిగ్నేషన్, ఓవర్‌టైమ్ అని ఉంటాయి. ఓవర్‌టైమ్ మాట వాళ్లకు తెలియంది కాదు, ఓటీ అని రోజూ అనేదే. దానికి రెట్టింపు రేటు ఇవ్వాలన్న సంగతిని కాగితం చూపించి చెప్పే మనిషి ప్లాంటు గేటు దగ్గర కావాలి.