మనస్సాక్షికి కలుగు వ్యాధి



మన బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రికి చుట్టుపట్ల గ్రామములనుండి అనేకులు వచ్చుచున్నారు. జ్వరము వచ్చినదని చెప్పుటకు ఎవరును సిగ్గుపడరు. అయితే ఒక వ్యాధిని భక్తిగలవారే సంవత్సరముల తరబడి దాచుకొందురు. ఏలయనగా వారు దానిని వ్యాధి అనుకొనరు, పాపమనుకొందురు.

వైద్యులు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అందురు, వాడుకలో ఓసీడీ. వందమందిలో ఒకరినుండి ముగ్గురివరకు తమ జీవితకాలములో దీని పాలగుదురు. చేతులు పదే పదే కడుగుకొనుట, తాళము వేసితిమో లేదోయని మరల మరల చూచుట మనకు తెలిసినవే. కంటికి కనబడని రూపము మరొకటి కలదు. ప్రార్థనకు మోకరించగానే దేవదూషణ మాట మనస్సులో మెదలును. పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లికి, ఆ బిడ్డకు తానే హాని చేయుదునేమో అను తలంపు వచ్చును. ఆ తలంపు వారికే అసహ్యము. భయపడి ప్రార్థనను మొదటినుండి మరల చేయుదురు. ఒప్పుకొనిన పాపమునే మరల ఒప్పుకొందురు. తమకు క్షమాపణ కలిగినదా అని అయ్యగారిని ప్రతి వారము అడుగుదురు.

ఇది క్రొత్త సంగతి కాదు. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బన్యన్, క్రీస్తును అమ్మివేయుమను తలంపు తన్ను రాత్రింబగళ్లు వెంటాడినదని 1666లో ప్రచురించిన ఆత్మకథలో వ్రాసెను.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని శ్రద్ధగా పరిశోధించిరి. రాక్‌మన్ అను శాస్త్రజ్ఞుడును, శ్రీలంక దేశస్థుడైన పద్మల్ డి సిల్వాయును 1978లో ఒక సంగతి చూపిరి: ఆరోగ్యవంతులలో అధికులకు కూడ ఇట్టి చెడు తలంపులే వచ్చుచున్నవి. ఆరోగ్యవంతుని తలంపు వచ్చి పోవును. రోగి దానిని పట్టుకొని విచారణ చేయును. తలచుటయు చేయుటయు ఒక్కటే అని తనమీద తానే తీర్పు తీర్చుకొనును. ఈ పొరపాటును కొలుచుటకు రాక్‌మన్, ఆయన సహచరులు 1996లో ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. ఐదుగురిని రక్షించుటకు ఒకని ప్రాణము బలి ఇయ్యవచ్చునా అనునట్టి చిక్కు ప్రశ్నలను అమెరికాలో కొందరు పరిశోధకులు ఓసీడీ రోగులను అడిగి, 2009లో ఫలితములు ప్రకటించిరి. వారి జవాబులకును ఇతరుల జవాబులకును భేదము కనబడలేదు. కాబట్టి వీరు నీతి తెలియనివారు కారు.

2007లో వచ్చిన మరియొక పరిశోధన మనకు సంబంధించినది. చెడ్డ తలంపు చెడ్డ క్రియతో సమానమను నమ్మకము యూదులలోకంటె క్రైస్తవులలో ఎక్కువగా కనబడెను. కొండమీది ప్రసంగములో హృదయ పాపమును గూర్చి ప్రభువు బోధించెను, నిజమే. అయితే కోరి పెంచుకొనిన ఆశ వేరు, పిలువని పేరంటముగా వచ్చిన తలంపు వేరు. శోధింపబడుట పాపము కాదు. ప్రభువు సహితము శోధింపబడెను.

మరి మనము చేయవలసినదేమి? దయ్యమనియు, విశ్వాసము లేదనియు అనవద్దు. అడిగినప్పుడెల్ల "ఏమియు కాదు, క్షమింపబడితివి" అని ఓదార్చుట ప్రేమగానే తోచును; కాని ఆ ఓదార్పు గంటసేపు నిలిచి, పిమ్మట అనుమానమును ఇంకను పెంచును. క్షమాపణను గూర్చి ఒకసారి స్పష్టముగా చెప్పి, "ఇక దీనిని వైద్యునితో మాటలాడుదము" అని తోడుగా వెళ్లుట మేలు. భయమును ఎదుర్కొనుచు, పదే పదే చేయు ఆ పనిని మానుట నేర్పు చికిత్సను లండనులో విక్టర్ మేయర్ 1966లో ప్రకటించెను. నేటికిని ముఖ్యమైన చికిత్స అదే, మందులును కలవు. ధర్మవరములో రైలెక్కినయెడల పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరు చేరవచ్చును. అక్కడి నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ కలదు, డాక్టర్ వై.సి. జనార్దన్ రెడ్డిగారు అక్కడ ఈ వ్యాధిని గూర్చి అనేక సంవత్సరములు పరిశోధించిరి. అంత దూరము వెళ్లలేనివారు 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

మన సంఘములో ఇట్టివారు మన ప్రక్కనే కూర్చుండి యుండవచ్చును. మొట్టమొదట చెప్పుకొనుటకు వారికి మనలో ఒక్కరైనను దొరకవలెను.