పిల్లిపిల్ల తుమ్మితే, దగ్గితే



పోయిన చలికాలంలో ఒక సోమవారం ఉదయం ప్రార్థన ముగించుకుని తరగతిలోకి వెళ్ళాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె తన పుస్తకాల సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో పుస్తకాలు లేవు. పాత తువ్వాలులో చుట్టిన పిల్లిపిల్ల ఉంది. మూడు నెలల వయసు ఉంటుంది. కళ్ళు పుసులు కట్టి రెప్పలు అంటుకుపోయాయి. ముక్కు కారుతోంది. మేము చూస్తూ ఉండగానే వరసగా నాలుగైదు సార్లు తుమ్మింది.

"పది దినాలైంది టీచర్, ఇట్లే ఉంది. నిన్నటినుంచి ఏమీ తినలేదు. మా అవ్వ దీన్ని బయట విడిచి రమ్మంటుంది. ఇంట్లో జ్వరం మాత్ర ఉంది, పావు ముక్క వేసేదా?" అని అడిగింది.

ఆ మాట వినగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే 2016లో మా ఇంట్లో పెరిగిన పిల్లిపిల్లకు సరిగ్గా అదే పని నేను చేశాను. తుమ్ముతోంది, ఒళ్ళు వేడిగా ఉంది కదా అని పారాసిటమాల్ మాత్రలో చిన్న ముక్క పాలలో కలిపి పోశాను. సాయంత్రానికి దాని ముఖం ఉబ్బింది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగాయి, ఊపిరి అందలేదు. తెల్లవారేసరికి చనిపోయింది. సైన్సు చెప్పే టీచర్ని, ఆ సంగతి నాకు తెలియదు. ఈరోజు ఈ ప్రసంగం చేయడానికి ఒప్పుకున్నది అందుకే.

మన శరీరంలో పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే ఎంజైము ఉంది. పిల్లి కాలేయంలో అది చాలా తక్కువ. అందువల్ల ఆ మందు విషంగా మారి రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తుంది. అప్పుడు ఊపిరి ఆడుతున్నా రక్తం ప్రాణవాయువును మోయలేదు. పిల్లికి ఈ మాత్ర ఎంత చిన్న ముక్క అయినా ప్రమాదమే. పొరపాటున తిన్నదని తెలిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. దానికి విరుగుడు మందు ఉంది. కానీ త్వరగా పడాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. తుమ్ము వేరు, దగ్గు వేరు. తుమ్ము ముక్కుకు సంబంధించింది. దగ్గు గొంతు దిగువకు, ఊపిరితిత్తులకు సంబంధించింది.

పిల్లిపిల్లలు తుమ్మడానికి ఎక్కువగా రెండు వైరస్‌లు కారణం. ఒకటి హెర్పిస్ జాతిది, రెండోది కాలిసివైరస్. ఇవి పిల్లి నుంచి పిల్లికి తుమ్ము తుంపరల ద్వారా, ఒకే పళ్ళెంలో తినడం ద్వారా, మన చేతుల ద్వారా కూడా అంటుతాయి. మనుషులకు మాత్రం అంటవు. అంటిన 2 నుంచి 6 రోజుల్లో తుమ్ములు, కంటి పుసులు మొదలవుతాయి. కాలిసివైరస్ అయితే నాలుక మీద పుండ్లు పడి చొంగ కారుతుంది. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. వైరస్‌ను యాంటీబయాటిక్ చంపదు. దాని వెనక బాక్టీరియా చేరి చీమిడి పచ్చగా, చిక్కగా మారినప్పుడు డాక్టరు యాంటీబయాటిక్ ఇస్తారు.

దగ్గు సంగతి ఇంకొకటి. దగ్గే పిల్లి నేలకు కరుచుకున్నట్టు వంగి, మెడ ముందుకు చాచి శబ్దం చేస్తుంది. వెంట్రుకల ఉండ కక్కబోతోందని మనం అనుకుంటాం. ఉండ రాకుండా మాటిమాటికీ అలాగే చేస్తుంటే అది దగ్గే. పిల్లిపిల్లల్లో కడుపులోని ఏలికపాముల పిల్లలు ఊపిరితిత్తుల గుండా ప్రయాణం చేసేటప్పుడు దగ్గు రావచ్చు. నత్తలను, బల్లులను, పిట్టలను పట్టి తినే పిల్లులకు ఊపిరితిత్తుల్లో చేరే వేరే పురుగు కూడా ఉంది. ఉబ్బసం ఉన్నా దగ్గు వస్తుంది. దోమల చుట్ట, అగరుబత్తి, సాంబ్రాణి, బీడీ పొగ, పోపులో మాడిన మిరప ఘాటు దాన్ని పెంచుతాయి.

తుమ్ముతో పాటు ముక్కు కారుతుంటే ఇంట్లో చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. కాచి చల్లార్చిన గ్లాసెడు నీళ్ళలో, అంటే పావు లీటరులో, అర చెంచా ఉప్పు కలిపి, దూది ముంచి ముక్కు, కళ్ళు తుడవండి. ఒక్కో కంటికి వేరే దూది వాడండి. స్నానాలగదిలో బకెట్‌లో వేడినీళ్ళు పోసి తలుపు వేసి, పిల్లిని ఒడిలో పెట్టుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోండి. ఆ ఆవిరికి ముక్కు వదులవుతుంది. పిల్లి ముఖాన్ని గిన్నె మీదికి వంచకండి, కాలుతుంది.

ముక్కు మూసుకుపోతే పిల్లికి వాసన తెలియదు. వాసన తెలియకపోతే అది తినదు. కాబట్టి ఉడికించిన చేప గానీ కోడిమాంసం గానీ, ముల్లూ ఎముకా తీసి, గోరువెచ్చగా చేసి పెట్టండి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి వేయకండి. ఉల్లి, వెల్లుల్లి కూడా పిల్లి రక్తానికి చేటు. ఆవుపాలు చాలా పిల్లులకు విరేచనాలు చేస్తాయి. మంచినీళ్ళు చాలు.

చేయకూడని పనులు కూడా చెప్పాలి. మనకు జలుబు చేస్తే నీలగిరి తైలం, కర్పూరం, బామ్ రాసుకుంటాం. పిల్లికి రాస్తే అది ఒళ్ళంతా నాకి మింగుతుంది. అవి దానికి విషం. మిరియాల కషాయం గొంతులో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఫినాయిల్‌తో దాని చోటు కడగకండి, అదీ విషమే. సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టండి.

మరి డాక్టరు దగ్గరికి ఎప్పుడు? పిల్లిపిల్ల ఒక పగలు, ఒక రాత్రి ఏమీ తినకపోతే ఆ రోజే వెళ్ళాలి. తుమ్ములు పది రోజులు దాటినా, ఒక్క ముక్కురంధ్రం నుంచే చీము గానీ నెత్తురు గానీ వచ్చినా, కన్ను తెరవలేకపోయినా, దగ్గు రెండు మూడు రోజులు వదలకపోయినా వెళ్ళాలి. ఒక్క ముక్కే కారితే లోపల గడ్డిపరక ఇరుక్కుని ఉండవచ్చు. పిల్లి నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్ళు నీలంగా మారినా క్షణం కూడా ఆగకూడదు.

ఇంకొక కొలత కూడా ఉంది. పిల్లి నిద్రపోతున్నప్పుడు దాని పొట్ట పైకి లేచి దిగడం ఒక ఊపిరి. గడియారం చూసి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 15 నుంచి 30 వరకు మామూలు. నిద్రలో మాటిమాటికీ 40 దాటితే ఊపిరితిత్తుల్లో తేడా ఉండవచ్చు.

సరిహద్దులో ఉండే మనకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. పశువుల ఆసుపత్రిలో మాట ఒకటి చెబితే ఇంకొకటి వినబడుతుంది. తుమ్మును తమిళంలో తుమ్మల్ అంటారు, మనకు దగ్గరగానే ఉంది. దగ్గు మాత్రం ఇరుమల్. కన్నడంలో తుమ్ము సీను, దగ్గు కెమ్ము. కెమ్ము అంటే మన చెవికి తుమ్ములా వినబడుతుంది, కానీ అది దగ్గు! ఊపిరిని తమిళంలో మూచ్చు అంటారు, కన్నడంలో ఉసిరు అంటారు. ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. దానితో పాటు ఎన్ని రోజులైంది, ఎప్పుడు తిన్నది, ఊపిరి లెక్క ఎంత, ఇంట్లో ఏ మందు వేశారు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వేయకూడని మందు వేసి ఉంటే దాచకండి. డాక్టరు తిడతారని నేను ఆరోజు ఆలస్యం చేశాను.

డాక్టరు మాత్ర ఇస్తే అది వేశాక కాసిని నీళ్ళు తాగించండి. కొన్ని మాత్రలు పిల్లి గొంతులో ఇరుక్కుని పుండు చేస్తాయి. మాత్ర వేసేటప్పుడు కరిచినా, గీరినా 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి, ఆసుపత్రిలో రేబిస్ సూది గురించి అడగండి.

రాకముందే ఆపడం అన్నిటికన్నా మేలు. ఎనిమిది వారాల వయసు నుంచి పిల్లికి టీకా వేయించవచ్చు. ఈ రెండు వైరస్‌లకూ, ప్రాణం తీసే మరొక విరేచనాల జబ్బుకూ కలిపి ఒకే సూది ఉంది. మూడు నాలుగు వారాల తేడాతో మళ్ళీ వేయించాలి. టీకా వేసినా తుమ్ము రావచ్చు, కానీ సాధారణంగా ప్రాణం మీదికి రాదు. మూడు నెలలకు రేబిస్ టీకా, క్రమంగా పురుగుల మందు కూడా మరవకండి. కొత్త పిల్లిని తెస్తే రెండు వారాలు వేరే గదిలో, వేరే పళ్ళెంతో ఉంచండి.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆ అమ్మాయినీ, పిల్లిపిల్లనూ వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. మందులు ఇచ్చారు. ఆమె తన లెక్కల నోటు చివరి పేజీలో రోజూ ఊపిరి లెక్క, తిన్న తిండి రాసింది. మొదటి రోజు 44, నాలుగో రోజు 36, పదో రోజు 26. మూడో రోజున చేపముక్క తిన్నదని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. ఆ పిల్లి ఇప్పటికీ చలి ఎక్కువైనప్పుడు నాలుగు తుమ్ములు తుమ్ముతుంది. హెర్పిస్ వైరస్ ఒకసారి చేరితే ఒంట్లో దాగి ఉండి, చలికీ, భయానికీ మళ్ళీ తల ఎత్తుతుంది. దానికి బెంగపడనక్కరలేదు. తిండి తింటున్నంతవరకు కనిపెట్టి ఉంటే చాలు.

బయట విడిచి రమ్మన్న అవ్వే ఇప్పుడు దాని తిండిలో ముళ్ళు ఏరుతోందట.

మీ ఇంట్లో మందుల డబ్బా ఉంటుంది. పిల్లి తుమ్మినప్పుడు మీ చేయి ముందుగా ఆ డబ్బా మీదికి పోకూడదు. గడియారం వైపు చూడండి, ఊపిరి లెక్కపెట్టండి, ఆ తర్వాత ఆసుపత్రి దారి పట్టండి.