కొట్టుకు కొత్త ముఖం



ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే హైదరాబాదులో మనం మొదట పరుగెత్తేది పత్తర్‌గట్టికే కదా! చీరలు, ముత్యాలు, గాజులు చూసుకుంటూ చార్మినారు చేరేసరికి పర్సు ఖాళీ. అయితే ఎప్పుడైనా దుకాణం మెట్టుమీద నిలబడి తలెత్తి పైకి చూశారా? నేనూ చాలా ఏళ్ళు చూడలేదు లెండి. మా తమ్ముడి ఫోను వచ్చాకే చూశాను.

రాజమండ్రిలో మా పుట్టింటివారికి తాతగారినాటి బట్టల కొట్టు ఉంది. కింద వ్యాపారం, పైన కాపురం. ముందు మూడు కమానులు, వాటిమీద గచ్చుతో తీర్చిన లతలు. "అక్కా, పక్కవాళ్ళంతా అద్దాలు పెట్టించారు. మనది పాత సామాన్ల కొట్టులా ఉంది. ముందుభాగమంతా రేకుతో మూసి పెద్ద బోర్డు కట్టిస్తాను. నీకూ వాటా ఉంది కనుక సంతకం పెట్టు" అన్నాడు. వాడన్నదీ అబద్ధం కాదు. బేరం లేకపోతే కమానులు అన్నం పెడతాయా?

ఆ సంతకం పెట్టేముందు ఒక పూట పత్తర్‌గట్టి అంతా తిరిగాను, ఏమీ కొనకుండా! (మావారు నమ్మలేదు.) 1908లో మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత 1912లో నగరాన్ని బాగుచేయడానికి ఒక బోర్డు ఏర్పడింది. ఈ రాతి బజారు ఆ బోర్డు కట్టించినదే. కింద దుకాణాలు, పైన ఇళ్ళు, ఒకే తీరు కమానులు వరసగా సాగుతాయి. ఆ వరసే దాని అందం. మధ్యలో ఒకాయన బోర్డుతో కమాను మూసేశాడనుకోండి, పలువరసలో పన్ను ఊడినట్లే. నష్టం ఆయనొక్కడిదే కాదు, వీధి అందరిదీ.

అక్కడినుంచి మొజంజాహీ మార్కెట్టుకు వెళ్ళాను. 1935నాటి రాతి కట్టడం, గడియారపు స్తంభంతో సహా. ఏళ్ళ తరబడి రేకులు, తీగలు, బోర్డులు దాన్ని కమ్మేశాయి. వాటిని తీసి, రాతిని శుభ్రంచేసి, 2020లో మళ్ళీ ప్రారంభించారు. ఐస్‌క్రీం దుకాణాలు ఎక్కడికీ పోలేదు. జనం కూడా పోలేదు!

మా కొట్టుకు ఒక పెద్ద మేస్త్రీని పిలిపించాము. ఆయన చెప్పింది మీరూ గుర్తుపెట్టుకోండి. పాత గోడలు సున్నంతో కట్టినవి. వాటిలోకి చేరిన తేమ సున్నంగుండానే మెల్లగా బయటికి పోతుంది. పైన సిమెంటు పూశామా, ఆ తేమకు దారి ఉండదు. గోడ లోపలే నానుతుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది, గోడలోకి దూర్చిన దూలాల కొసలు కుళ్ళుతాయి. రేకు కప్పితే ఇదంతా కంటికి కనిపించకుండా జరుగుతుంది. మనం అద్దాల మెరుపు చూసి మురిసిపోతూ ఉంటాం. మా కొట్టు వెనకగోడకు మా నాన్నగారు ఎప్పుడో సిమెంటు చేయించారు. మేస్త్రీ అక్కడ గీకి చూపిస్తే ఇటుక పిండిలా చేతిలోకి వచ్చింది. తమ్ముడు మాట్లాడలేదు.

అప్పుడు కూర్చుని లెక్కలు వేశాము. అద్దం కావాలా? సరే, కమాను మూయకుండా దానికి రెండడుగులు వెనక పెట్టించు. షట్టరూ అక్కడే. బోర్డు కమాను కొలతకు సరిపోయేలా, లతలకు అడ్డం రాకుండా ఉండాలి. మేకులు ఇటుకలో కాదు, ఇటుకల మధ్య సున్నపు అతుకులో దిగాలి. రేపు బోర్డు తీసేస్తే ఆ చిల్లులు పూడ్చుకోవచ్చు. ఏసీ పెట్టెలు వెనకసందులోకి. లోపల మాత్రం నీ ఇష్టం నాయనా, దీపాలు పెట్టుకో, బల్లలు మార్చుకో అన్నాను. పని మొదలుపెట్టకముందే నాలుగువైపులా ఫోటోలు తీయించాము. విరిగిన లతను మళ్ళీ తీర్చాలంటే నమూనా ఉండాలి గదా.

ఖర్చు తగ్గిందా అని అడుగుతారు. రేకు, పెద్ద బోర్డు డబ్బు మిగిలింది. గచ్చు పనికి, అది తెలిసిన మనిషికి అంతకంటే కొంచెం ఎక్కువే అయింది. ఆ ఎక్కువ నా వాటాలోంచి ఇస్తానని ఒప్పుకుని సంతకం పెట్టాను.

సున్నం ఇప్పుడు నానుతోంది. తొందరపడి వాడితే గోడమీద పొక్కులు లేస్తాయట. తమ్ముడు రోజూ ఫోను చేసి "ఇంకా ఎన్నాళ్ళక్కా?" అని సతాయిస్తున్నాడు. దసరా బేరాల లోపల ముందు మూడు కమానులైనా అవుతాయని మేస్త్రీ మాట ఇచ్చాడు.