చిన్న ల్యాప్‌టాపునకు జ్వరమా?

పంకా లేని చిన్న ల్యాప్‌టాపు అడుగుభాగము వేసవిలో అరచేతికి వేడిగా తగులగానే మనకు గుండె ఝల్లుమనును. మా యింట అదే జరిగినది. అమ్మాయి చదువునకై కొన్న యంత్రము తెరపై ప్రాసెసరు వేడి 74 డిగ్రీలని చూపినది. బాగుచేయు నతడొకడు చూచి, బోర్డు మార్చవలె ననెను. దాని వెల యంత్రపు వెలలో సగము. మేము ఒప్పుకొనుటకు సిద్ధపడితిమి కూడ.

మనిషికి 100.4 ఫారెన్‌హీటు దాటిన జ్వర మందుము. ఆ కొలత ప్రాసెసరునకు పట్టదు. మా యంత్రములోనిది 2019లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ ఎన్ 4020. దానికి నిర్ణయించిన పరిమితి 105 సెంటీగ్రేడు డిగ్రీలు. నిలకడగా పనిచేయునపుడు అది వాడు విద్యుత్తు సుమారు 6 వాట్లు, ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపమంత. ఇంత తక్కువ వాడునది అంతగా ఏల కాగవలెను? ఆ 6 వాట్లును వ్రేలి గోరంత చోటనే వేడిగా మారును. పంకా లేదు గనుక ఆ వేడి లోహపు రేకు మీదుగా అడుగుభాగమునకు పాకి, మెల్లగా గాలిలో కలియవలెను.

ఇక గది సంగతి. ప్రాసెసరు తన గదికంటె చల్లబడజాలదు. పనివలన పుట్టిన వేడి గది వేడిపై అదనముగా చేరును. 26 డిగ్రీల ఏసీ గదిలో 60 చూపిన యంత్రము, అదే పనికి 42 డిగ్రీల గదిలో 76 చూపుట సహజము. రెంటచింతల, రామగుండము వాసులకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. సుమారుగా, ఊరక యున్నపుడు 40 నుండి 55, వీడియో పాఠము నడచునపుడు 60 నుండి 80 వరకు చింతింపదగినవి కావు.

పరిమితి సమీపించినచో ప్రాసెసరు తనంతట తానే వేగము తగ్గించుకొనును. ఒడిలో పెట్టుకొనువారికి చర్మము చుఱుక్కు మనకుండ, కొందరు తయారీదారులు ఇంకను ముందే తగ్గునట్లు అమర్చుదురు. కాబట్టి మధ్యాహ్నము మందగించి, రాత్రి చురుకుగా నడచు యంత్రము చెడినదని తలపరాదు.

ఏ పనియు చేయకయే 80 దాటినచో, తెర వెనుక ఏది నడచుచున్నదో వెదకవలెను. మా యింట వెదకగా రెండు తేలినవి: అప్‌డేటు ఒకటి లోలోపల సాగుచున్నది, యంత్రము దూది పరుపుపై నున్నది. చెక్కబల్లపైకి మార్చి, అప్‌డేటు ముగియనిచ్చితిమి. 58కి దిగినది. బోర్డు నేటికిని అదియే.

భయపడవలసినది బ్యాటరీకి. ప్రాసెసరు సహించు వేడిని అది సహింపదు. అడుగు రేకు ఉబ్బినట్లు కనబడినచో ఆ క్షణమే చార్జింగు మాని, వాడుక నిలిపి, తెలిసినవారికి చూపవలెను.