ఒక్క పేజీలో మీ యూనిట్: ప్రభుత్వ ఆర్డరు కోసం కేపబిలిటీ స్టేట్‌మెంట్ ఇలా రాయండి

మన గోరంట్ల మండలం పాలసముద్రంలో, బెంగళూరు హైవే పక్కన నాసిన్ క్యాంపస్ ఉంది కదా. కస్టమ్స్, జీఎస్టీ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ అది. సుమారు 500 ఎకరాలు. 2024 జనవరి 16న ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించారు. అంత పెద్ద క్యాంపస్ నడవాలంటే కర్టెన్లు, బెడ్‌షీట్లు, యూనిఫాంలు, తోటపని, వంట, చిన్నాచితకా రిపేర్లు, ఎన్నో కావాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థలు ప్రభుత్వ ఆన్‌లైన్ బజారైన జెమ్ పోర్టల్‌లో దొరికే సరుకైనా సర్వీసైనా అక్కడే కొనాలన్నది నియమం. 2016 ఆగస్టులో మొదలైన ఆ పోర్టల్‌లో అమ్మేవాళ్ల జాబితా చాలా పెద్దది. అందులో గోరంట్ల కుట్టు యూనిట్ ఒకటి ఉందని, దానికి ఇంత పని చేసే శక్తి ఉందని కొనే అధికారికి ఎలా తెలియాలి?

దానికోసమే ఈ వీడియో. కేపబిలిటీ స్టేట్‌మెంట్. అంటే మీరు ఏం చేయగలరు, ఇంతకుముందు ఎవరికి చేశారు, మీ రిజిస్ట్రేషన్ నంబర్లు ఏంటి, అన్నీ ఒకే పేజీలో చెప్పే కాగితం.

ఇది అమెరికాలో బాగా పాతుకుపోయిన అలవాటు. అక్కడ ఫెడరల్ ప్రభుత్వం నేరుగా ఇచ్చే కాంట్రాక్టుల విలువలో 23 శాతం చిన్న వ్యాపారాలకు చేరాలని లక్ష్యం ఉంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఐటీ కంపెనీ పెట్టుకున్న మన తెలుగువాళ్లు ప్రభుత్వ పని కోసం వెళ్తే ముందు అడిగేది ఈ పేజీనే. మన దగ్గర ఈ పేరుతో ఎవరూ అడగకపోవచ్చు. కంపెనీ ప్రొఫైల్ అంటారు, వెండర్ రిజిస్ట్రేషన్ ఫారం అంటారు. అడిగే వివరాలు మాత్రం దాదాపు అవే. పేజీ ముందే సిద్ధంగా ఉంటే ఏ ఫారమైనా దాన్ని చూసి నింపేయొచ్చు.

సరే, స్క్రీన్ మీదకు వద్దాం. ఒక ఉదాహరణ తీసుకుందాం. గోరంట్లలో ఒక అక్క కుట్టు యూనిట్ నడుపుతోంది అనుకోండి. ప్రొఫైల్ రాయమంటే చాలామంది ఇలా రాస్తారు: "అత్యుత్తమ నాణ్యతతో, సరసమైన ధరలకు, సకాలంలో అన్ని రకాల దుస్తులు కుట్టి ఇవ్వబడును." ఇది పెళ్లి బట్టల షాపు కరపత్రానికి పనికొస్తుంది. అధికారికి ఇందులో తెలిసింది ఏమీ లేదు. ఎందుకంటే ఆయన రేపు ఫైల్లో రాయాల్సింది వేరే. ఈ యూనిట్‌కు వెయ్యి చొక్కాల ఆర్డరిస్తే గడువులోపు ఇవ్వగలదా, లేదా? అంతే.

ఇప్పుడు అదే యూనిట్ గురించి ఇంకో రకంగా రాసిన పేజీ చూడండి. "పది జూకీ మిషన్లు, ఒక ఓవర్‌లాక్, ఒక కాజా మిషన్. పన్నెండు మంది పనివాళ్లు. హాఫ్ హ్యాండ్ యూనిఫాం చొక్కాలు రోజుకు 80. వెయ్యి చొక్కాల ఆర్డరు, కటింగ్ నుంచి ఇస్త్రీ, ప్యాకింగ్ దాకా 20 పనిదినాలు." ఇందులో నాణ్యత అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. అయినా చదివినాయనకు నమ్మకం కుదురుతుంది, ఎందుకంటే ప్రతి మాటా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. 80 కుట్టేచోట 200 అని మాత్రం రాయొద్దు. ఒక్క ఆర్డరు గడువు దాటితే ఆ మచ్చ చాలాకాలం ఉంటుంది.

"అన్ని రకాల దుస్తులు" అనే మాట కూడా తీసేయండి. మీకు బాగా చేతనైనవి మూడో నాలుగో రాయండి. యూనిఫాంలు, బెడ్‌షీట్లు, దిండు గలీబులు, గుడ్డ సంచులు. చాలు.

దాని కింద నంబర్ల పెట్టె. ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్), జీఎస్టీ నంబరు, పాన్, జెమ్ సెల్లర్ ఐడీ, మీరు చేసే పనికి సరిపోయే ఎన్ఐసీ కోడ్, సరుకు హెచ్ఎస్ఎన్ కోడ్. ఇక్కడే మన జిల్లావాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 2022 ఏప్రిల్ 4కు ముందు మనం అనంతపురం జిల్లా. ఆ రోజు నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అంతకుముందు తీసుకున్న సర్టిఫికెట్లలో పాత జిల్లా పేరే ఉండొచ్చు. జీఎస్టీలో ఒక జిల్లా, ఉద్యమ్‌లో ఇంకో జిల్లా ఉంటే కాగితాలు పరిశీలించేవాళ్లు ఆగిపోతారు. యూనిట్ పేరు కూడా అంతే. ఇంగ్లిష్‌లో "శ్రీ" అన్నది పాన్‌లో ఎస్ ఆర్ ఐ అని, బ్యాంకు ఖాతాలో ఎస్ ఆర్ ఈ ఈ అని ఉంటే అవి రెండు వేర్వేరు సంస్థల కిందే లెక్క. పేజీ తయారుచేసే ముందే ఇవన్నీ సరిచేసుకోండి. ఉద్యమ్‌లో రిజిస్ట్రేషనైనా, మార్పులైనా పూర్తిగా ఉచితం. అసలు సైటు చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. డబ్బు అడిగిన సైటులో మీ ఆధార్ నంబరు కొట్టొద్దు.

ఆ పెట్టెలో ఉద్యమ్ నంబరు మొదటే కనబడాలి, ఎందుకంటే దాని వెనక చట్టం బలం ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థల కోసం కేంద్రం 2012లో కొనుగోలు విధానం తెచ్చింది. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏడాదికి కొనేదాంట్లో 25 శాతం ఈ సంస్థల నుంచే కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్ల నుంచి, 3 శాతం మహిళల యూనిట్ల నుంచి. 358 వస్తువులైతే పూర్తిగా చిన్నవాళ్లకే రిజర్వు. టెండరులో ఒక పెద్ద కంపెనీ వంద రూపాయలకు వేసింది, మీరు 112కు వేశారనుకోండి. తేడా 15 శాతం లోపే ఉంది కాబట్టి, ఆ వంద రూపాయలకే ఇస్తారా అని మిమ్మల్ని అడగాలి. సరేనంటే ఆర్డరులో ఒక వాటా మీకు. ధరావతు కట్టే పని కూడా ఉండదు. మహిళ నడిపే యూనిట్ అయితే ఆ సంగతి పేజీలో స్పష్టంగా రాయండి, మొహమాటం వద్దు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇవన్నీ తయారుచేసేవాళ్లకు, సర్వీసులు ఇచ్చేవాళ్లకు. సరుకు హోల్‌సేల్‌గా తెచ్చి అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నంబరు ఉన్నా ఈ వెసులుబాట్లు వర్తించవు.

ఇక చాలామంది భయపడేది, "మేం ఇంతవరకు గవర్నమెంట్ పని చేయనేలేదే" అని. ప్రైవేటు స్కూలుకు 300 జతల యూనిఫాం కుట్టిచ్చారా? జీఎస్టీ బిల్లు ఉందా? ఆ స్కూలు లెటర్‌హెడ్ మీద "ఫలానా తేదీకి సరుకు అందింది" అని రెండు ముక్కలు రాయించుకోండి. అదే మీ అనుభవం. ఎవరికి, ఏం, ఎన్ని, ఎప్పుడు, ఎంత విలువ, ఇవి ఒక వరుసలో రావాలి. జెమ్ బిడ్ డాక్యుమెంటు తెరిస్తే చిన్న సంస్థలకు అనుభవం, టర్నోవరు విషయంలో సడలింపు ఉందా లేదా అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఎస్ అని ఉంటే ధైర్యంగా ముందుకెళ్లండి.

పేజీ గూగుల్ డాక్స్‌లో చేస్తే చాలు. కేంద్ర సంస్థల్లో అధికారులు ఏ రాష్ట్రం వాళ్లైనా కావచ్చు కాబట్టి ఇంగ్లిష్‌లో ఒకటి, మన మండలం, జిల్లా ఆఫీసుల కోసం తెలుగులో ఒకటి. పీడీఎఫ్‌గా సేవ్ చేయండి, అక్షరాలు చెదరవు. చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చా అంటే, భాష సరిచేయడానికి వాడండి. ఖాళీగా వదిలేసి "రాసిపెట్టు" అంటే మీకు లేని ఐఎస్ఓ సర్టిఫికెట్ కూడా రాసిపెడుతుంది. లేని సర్టిఫికెట్ ఉందని రాసి టెండరు వేస్తే బ్లాక్‌లిస్టులో పడే ప్రమాదం ఉంది.

నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. వానలు మొహం చాటేసి వేరుశనగ పోయిన ఏడు మనోళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. దొడ్డబళ్లాపురం, బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోతారు. అక్కడ మిషన్ తొక్కే చేతులే ఇక్కడా తొక్కగలవు. ఆర్డరు ఇక్కడికి రావాలి.

ఈ వీడియో చూస్తున్నవాళ్లలో డిగ్రీ, ఇంజినీరింగ్ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉంటారు. మీ వీధిలో కుట్టు యూనిట్టో, వెల్డింగ్ షాపో, గానుగ నూనె ఆడే యూనిట్టో ఉండే ఉంటుంది. వాళ్లకు పని వచ్చు, కంప్యూటర్ రాకపోవచ్చు. ఈ ఆదివారం ఒక పూట వాళ్ల దగ్గర కూర్చోండి. మిషన్లు లెక్కపెట్టండి, పాత బిల్లులు తీయించండి, ఆ ఒక్క పేజీ మీరే చేసి ఇవ్వండి. డబ్బులు మాత్రం అడక్కండి.