విద్యార్థి చెప్పుకొనిన మాటకు కాపుదల



నాకిచ్చిన అంశము కళాశాలలలో కౌన్సెలింగు. ఈ మాట వినగానే మనలో చాలమందికి ఇంజనీరింగు సీట్ల కేటాయింపే జ్ఞాపకము వచ్చును. ర్యాంకు కార్డు, సర్టిఫికెట్లు, ఫీజు రసీదు, ఇదియే మనమెరిగిన కౌన్సెలింగు. నేను చెప్పబోవునది అది కాదు. సీటు దొరకిన తరువాత హాస్టలులో నిద్రపట్టని బిడ్డ తన మనస్సులోని బరువును ఎవరితో చెప్పుకొనవలెను అనునదే నేటి ప్రశ్న.

2023 జులైలో విశాఖపట్టణమున హాస్టలులో ఉండి నీట్ పరీక్షకు చదువుచుండిన 17 ఏండ్ల విద్యార్థిని మరణించినది. ఆమె తండ్రి వేసిన అప్పీలుపై 2025 జులై 25న తీర్పు చెప్పుచు, సుప్రీంకోర్టు దేశమందలి విద్యాసంస్థలకు 15 మార్గదర్శక సూత్రములు ఇచ్చినది. 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న చోట అర్హతగల కౌన్సెలరు, మనస్తత్వ నిపుణుడు లేక సోషల్ వర్కరు ఒక్కరైనను ఉండవలెను. అంతకు తక్కువ ఉన్నచోట బయటి నిపుణుల వద్దకు పంపు ఏర్పాటు ఉండవలెను. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయుట, నలుగురిలో సిగ్గుపరచుట మానవలెనని కూడ చెప్పినది.

మంచిదే. అయితే మనిషిని నియమించినంత మాత్రమున విద్యార్థి వచ్చి చెప్పుకొనునా? కౌన్సెలరు గది ప్రిన్సిపాలు గది ప్రక్కనే ఉండి, లోపలికి వెళ్లువారి పేర్లు అటెండరు చేతిలోని రిజిస్టరులోనికి ఎక్కినచో ఎవడు వెళ్లును? ఇంటర్నల్ మార్కులు వేయు అధ్యాపకుడే కౌన్సెలరు కూడ అయినచో ఎవడు నోరు విప్పును? ఉదయము చెప్పిన మాట సాయంకాలమునకు వార్డెను చెవిని పడినచో, ఆ ఒక్క విద్యార్థియే కాదు, అతని స్నేహితులెవ్వరును ఆ గడప త్రొక్కరు. గుట్టు నిలువని గది తలుపు తెరచియున్నను మూసినట్లే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 23వ సెక్షను, మానసిక వ్యాధితో బాధపడు వ్యక్తికి తన ఆరోగ్యమును, చికిత్సను గూర్చిన గోప్యత హక్కు అని చెప్పుచున్నది. ఆ హక్కునకు హద్దులు కూడ ఉన్నవి. ప్రాణాపాయము తప్పించుటకు, మరియొకరికి హాని జరుగకుండ ఆపుటకు అవసరమైన సంగతి చెప్పవచ్చును. అయితే అవసరమైనంత మేరకే. మైనరు విషయములో సంరక్షకులకు తమ బాధ్యత నెరవేర్చుటకు కావలసినది తెలుపవచ్చును. కళాశాల కౌన్సెలరు కూడ ఇదే మర్యాదను పాటించుట న్యాయము. ఈ హద్దులు ఏవో మొదటి రోజుననే విద్యార్థికి విప్పి చెప్పవలెను. ముందు “ఎవరికిని చెప్పను” అని మాట ఇచ్చి, తరువాత చెప్పుటకంటె, “నీ ప్రాణమునకు ముప్పు ఉన్నచో మాత్రము చెప్పుదును, నీకు తెలిపియే చెప్పుదును” అనుట మేలు.

తల్లిదండ్రులారా, ఇచట మన పరీక్ష ఉన్నది. ఫీజు కట్టినది మనమే, బిడ్డ మనదే, “మావాడు ఏమి చెప్పినాడు?” అని అడుగుటకు మనస్సు తొందరపడును. ఆ ప్రశ్నకు బదులు “ఇంటివద్ద మేము చేయవలసినది ఏమైనను ఉన్నదా?” అని అడుగుడి. మొదటి ప్రశ్న బిడ్డ నోరు మూయించును. రెండవది మనకు పని చూపించును. ఒకరి బిడ్డ కౌన్సెలరు వద్దకు వెళ్లెనని తెలిసినను, జాలితోనైనను నలుగురిలో ఎత్తకుడి. పెండ్లి సంబంధముల నాటికి ఆ మాట తిరిగి వచ్చునను భయముతోనే ఎన్నో ఇండ్లలో చికిత్స ఆలస్యమగుచున్నది.

యువజనులారా, మీ కళాశాలలో అట్టి గది లేకున్నను, ఉన్నదానిపై నమ్మకము లేకున్నను దారి మూసికొనిపోలేదు. ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. రాత్రి పగలు పనిచేయును, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చును. వ్రాసికొనుడి, మీకు అక్కరలేకున్నను గదిలోని స్నేహితునికి కావలసి రావచ్చును.

ఈ వారములోనే మీ బిడ్డ చదువు కళాశాలకు వెళ్లి మూడు సంగతులు అడుగుడి: కౌన్సెలరు ఎవరు? ఆ గది ఎక్కడ? అక్కడ వ్రాసిన కాగితము ఎవరి బీరువాలో ఉండును? మూడవ ప్రశ్నకు సరియైన జవాబు వచ్చువరకు తిరిగి రాకుడి.